నాన్న సన్నాయి, నా ఎనభై శాతం

ఆ రోజుల్లో ప్రతి వస్తువుకీ ఒక ఆయుష్షు ఉంటుందనీ, దాన్ని పొడిగించే ఉపాయం ఎక్కడో ఒకచోట రాసిపెట్టి ఉంటుందనీ, ఆ రాసింది చదివి అర్థం చేసుకునే తెలివి మా ఇంట్లో నా ఒక్కడికే ఉందనీ గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు మొదటి రెండు నమ్మకాలూ అలాగే ఉన్నాయి, మూడోది పోయింది. చదివే ఓపిక కూడా దాంతోపాటే పోయింది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పొద్దుటి నుంచి మెషీన్ల మధ్య తిరిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పడానికి కుర్చీలో కూలబడి, ఒకటి విప్పాక రెండోది ఎందుకులే అనిపించే వయసుకి వచ్చేశాను. ఫోను ఛార్జింగ్ అయిపోతే, పోనీలే, అదైనా కాసేపు ప్రశాంతంగా పడుకుంటుంది అనుకుంటాను. అలాంటి నేను ఒకప్పుడు వేలెడంత బ్యాటరీ ఆరోగ్యం కోసం ఇల్లంతా పరుగులు పెట్టించానంటే మా ఆవిడ నమ్మదు. (మా అమ్మ నమ్ముతుంది. పరిగెత్తింది ఆవిడే కదా.)

మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్. తాతయ్య శ్రీకాకుళం పక్క నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నాన్న ఇక్కడే నిమ్‌పురాలో పుట్టి, ఇక్కడే పెరిగి, ట్రైన్ లైటింగ్ సెక్షన్‌లో కుదురుకున్నాడు. పేరు వింటే రైళ్ళన్నిటికీ దీపాలు పెట్టే గొప్ప పనిలా ఉంటుంది గానీ, బోగీల కింద ఇనప పెట్టెల్లో ఉండే బ్యాటరీలకి నీళ్ళు పోసి ఒళ్ళు తుడిచే పని అని అమ్మ చెప్పేది. నిజానికి అంతకంటే చాలా ఉంది. ప్రతి సెల్లులోనూ గాజు గొట్టం ముంచి ద్రావకం చిక్కదనం చూడాలి, ఆ లెక్క రిజిస్టర్‌లో ఎక్కించాలి, టెర్మినల్స్ బిగించాలి, తుప్పు పట్టకుండా వాటికి వాజెలిన్ రాయాలి. గొట్టం ముంచకుండా టీకొట్టు దగ్గర నిలబడి రీడింగులు ఊహించి రాసేవాళ్ళంటే నాన్నకి అసహ్యం. అలా రాసిన ఒకతనితో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ వంశంలో మూడో తరం వాణ్ణయిన నేను రైల్వే పరీక్షలన్నీ వరసగా తప్పి, ఎలక్ట్రికల్ డిప్లొమాతో ప్రైవేటు ఫ్యాక్టరీలో ట్రైనీగా తేలాను. నాన్న స్నేహితులు నన్ను ‘డిప్లమా’ అని పిలిచేవారు. అది గౌరవం అనుకున్నాను చాలాకాలం.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు నాన్నకి గజ్జలో ఓ బుడిపె లేచింది. ముప్పై ఏళ్ళు బ్యాటరీలు ఎత్తినందుకు హెర్నియా. నిలబడితే పైకొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. నాన్న దాన్ని కూడా డ్యూటీకి వచ్చీపోయే మనిషిలా చూస్తూ ఏడాది గడిపాడు. చివరికి రైల్వే ఆసుపత్రిలో డాక్టరమ్మ, బెంగాలీ ఆవిడ, కత్తి పెట్టక తప్పదంది. అయితే నాన్నకి సిగరెట్ దగ్గు. ఆ దగ్గుతో కుట్లు నిలవవు, రెండు నెలలు సిగరెట్ ముట్టకుండా దగ్గు ఆపుకుని వస్తేనే ఆపరేషను, లేకపోతే బరువు ఎత్తే పనికి పనికిరాడని రాసి ఆఫీసుకి పంపేస్తాను అంది. అలా రాస్తే ఏమవుతుందో మాకు తెలుసు. మా వీధిలోనే ఒక పెద్దాయన్ని అలాగే బండి పని నుంచి తీసేసి ఆఫీసులో స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫైళ్ళు అటు నుంచి ఇటు మొయ్యడం, గంట కొడితే లేవడం. జీతం జీతమే, మనిషి మాత్రం ఆర్నెల్లలో సగమైపోయాడు. నాన్నకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఇంటికొచ్చి ఒక సిగరెట్ వెలిగించి, ఇదే ఆఖరిది అన్నాడు. ఆ వారంలో ఆఖరివి పదిహేడు కాల్చాడు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. ఆన్‌లైన్‌లో ఈ-సిగరెట్ తెప్పించాను. పెన్నులా ఉంటుంది, కింద సగం బ్యాటరీ, పైన సగంలో ఏదో ద్రవం పొయ్యాలి, బొత్తాం నొక్కి పీలిస్తే పొగలాంటి ఆవిరి వస్తుంది. డాక్టరమ్మని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. (ఇంటర్నెట్‌ని అడిగాను. అది ఎప్పుడూ కాదనదు.) పెట్టెలో రెండు బ్యాటరీలు, ఒక ఛార్జరు, చిన్న అచ్చులో ఒక కాగితం వచ్చాయి. ఒక్కో బ్యాటరీ మూడు వందలసార్లు ఛార్జ్ చేసేదాకా బాగా పనిచేస్తుందనీ, ఒకసారి ఛార్జ్ చేస్తే మామూలు వాడకానికి ఒక రోజు వస్తుందనీ అందులో ఉంది. నాన్న వాడకం మామూలుది కాదని ఆ కాగితం రాసినవాళ్ళకి తెలియదు. నాన్న దాన్ని బీడీని లాగినట్టు బుగ్గలు లోపలికి పోయేలా లాగేవాడు. మొదటి రోజు పదకొండు గంటలకల్లా కింద లైటు టపటపా కొట్టుకుని చచ్చిపోయింది. అమ్మ దానికి సన్నాయి అని పేరు పెట్టింది. నేను సాయంత్రం ఇంటికి రాగానే, మీ నాన్న సన్నాయి ఆగిపోయింది, ఇంక ఇల్లంతా తాళమే అనేది. తాళం అంటే నాన్న గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగే చప్పుడు. డాక్టరమ్మ సిక్ లీవులో పెట్టడంతో ఆయనకి రోజంతా ఇంట్లోనే పని, అంటే పని లేకపోవడమే పని.

సంగతి ఎంత సులువుగా అర్థమైందో అంత భయంగానూ ఉంది. ఆ బ్యాటరీ ఎంతసేపు నిలిస్తే నాన్న అంతసేపు నిలుస్తాడు. అది ఆగిన మరుక్షణం ఆయన కాళ్ళు పూరీ గేట్ దగ్గరున్న పాన్ దుకాణం వైపు తిరుగుతాయి. కాబట్టి బ్యాటరీని కాపాడాలి. ఇక్కడిదాకా ఇంట్లో అందరం ఒకే మాట మీద ఉన్నాం. ఎలా కాపాడాలన్న దగ్గర గొడవ మొదలైంది. బ్యాటరీలతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి డిప్లమా వచ్చి నేర్పడం ఏమిటని ఆయన పట్టుదల. ఒకరోజు నేను వచ్చేసరికి నాన్న ముక్కు మీద కళ్ళజోడుతో కిటికీ దగ్గర కూర్చుని, సన్నాయిని రెండు ముక్కలుగా విప్పి, మర ఉన్న చోట అగ్గిపుల్లతో వాజెలిన్ రాస్తున్నాడు. బోగీ బ్యాటరీకి బయట రాసే వాజెలిన్‌ని ఈయన కరెంటు ప్రవహించే లోపలి బొడిపెకి కూడా శుభ్రంగా పట్టించాడు. తర్వాత లూజ్ కనెక్షన్ ఉండకూడదని పటకారు పెట్టి బిగించాడు. అప్పుడా మధ్య బొడిపె లోపలికి దిగబడిపోయింది. సన్నాయి పలకడం మానేసింది. ఏటయిందిరా అని నన్నే అడిగాడు. విప్పి, ఎమెరీ కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి, ఇది సెల్లు లోపమే గాని మెంటెనెన్సు లోపం కాదు అని తేల్చి, ఆ బ్యాటరీని అలమారు పైన పెట్టేశాడు. పనికిరాని బోగీని పక్క లైనులోకి తోసేసినట్టు.

రెండో బ్యాటరీ ఉంది కదా, ఇంకోటి తెప్పిద్దాం అనుకుంటుండగానే టీవీలో వార్త వచ్చింది. ఈ-సిగరెట్లు దేశంలో నిషేధం, అమ్మకూడదు, తెప్పించకూడదు, నిల్వ ఉంచకూడదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిల్వంటే ఎన్నిరా, ఒకటున్నా నిల్వేనా అని అడిగింది. నాకు తెలియదు. నాన్న గవర్నమెంటు ఉద్యోగి. ఆ పూటే సన్నాయి కందిపప్పు డబ్బాలోకి చేరింది. అప్పట్నుంచి నాన్నకి కావలసినప్పుడల్లా అమ్మ మోచేతి దాకా పప్పులో చెయ్యి పెట్టి దాన్ని వెతికి తీసి, మళ్ళీ దాచేది. ఒకసారి దాని మూతిలో పప్పుబద్ద ఇరుక్కుని, లాగితే ఆవిరి రాలేదు, బద్ద వచ్చింది. నాన్న దాన్ని నమిలి మింగి, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. నవ్వడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు ఆ రోజుల్లో. ఆపరేషన్‌కి ఇంకా ఆరు వారాలుంది, చేతిలో ఒకే ఒక్క బ్యాటరీ ఉంది, ఇంకోటి దొరికే దారి లేదు.

ఇంక నాన్న చేతిలో పెడితే లాభం లేదని నేనే ఛార్జి తీసుకున్నాను. ఫ్యాక్టరీలో భోజనాల వేళ తోటి ట్రైనీలు క్యారమ్స్ ఆడుకుంటుంటే నేను ఫోనులో లిథియం బ్యాటరీల గురించి చదివేవాణ్ణి. బోగీ బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఈ చిన్న బ్యాటరీకి అది పడదు. నిండా నింపితే నలుగుతుంది, పూర్తిగా ఖాళీ చేస్తే చస్తుంది, ఇరవైకీ ఎనభైకీ మధ్య పెట్టుకుంటే చాలాకాలం బతుకుతుంది. నాకు ఆ ఎనభై భలే నచ్చింది. (డిప్లొమాలో నాకు ఎప్పుడూ రాని అంకె.) ఛార్జరుకి ఎర్ర దీపం, పచ్చ దీపం తప్ప శాతాలు చూపించే ముచ్చట లేదు కాబట్టి, నిండడానికి మూడు గంటలు పడితే ఎనభైకి రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు అని నేనే గుణించాను. రోజుకి ఒక్కసారే, పొద్దున్న అమ్మ ఛార్జింగ్ పెడుతుంది, సమయం కాగానే నేను ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసి తీసెయ్యమంటాను. నా ఫోను ఛార్జరుతో పెట్టకూడదు, అది మరీ గబగబా కరెంటు తోస్తుంది, పాత కంప్యూటర్‌కే తగిలించాలి. పొయ్యి గట్టు దగ్గర పెట్టకూడదు, ఎండ తగలకూడదు. మర ఉన్నచోట పొడి దూదితో తుడవాలి తప్ప వాజెలిన్, పటకారు దగ్గరికి రాకూడదు. పీల్చితే మూడు లెక్కపెట్టేదాకా, అంతే. తర్వాత ఒక నిమిషం ఆగాలి, లోపల తీగ చల్లారాలి. వాడనప్పుడు బొత్తాం అయిదుసార్లు నొక్కి ఆపెయ్యాలి. ఇవన్నీ ఒక పెద్ద చార్టు మీద గళ్ళు గీసి, ఛార్జింగ్ పెట్టిన వేళ, తీసిన వేళ, లైటు కొట్టుకున్న వేళ, రోజుకి ఎన్ని పీల్పులు, అన్నిటికీ చోటు పెట్టి, ముందు గది గోడకి అతికించాను. పీల్చినప్పుడల్లా నాన్న ఒక గీత గీయాలి. రిజిస్టర్ మనిషి కాబట్టి ఒప్పుకుంటాడనుకున్నాను. ఒప్పుకున్నాడు. చార్టు ముందు నిలబడి పైనుంచి కిందదాకా చదివి, గళ్ళు బాగా కొట్టినావురా అన్నాడు.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం వచ్చింది. మూడు లెక్కల పద్ధతిలో నిండా నింపితే ఆరింటిదాకా రావలసిన బ్యాటరీ, ఎనభై దగ్గర ఆపేసరికి నాలుగింటికే ఆగిపోవడం మొదలెట్టింది. నాలుగు నుంచి ఆరు దాకా రెండు గంటలు మా ఇంట్లో ఎలా గడిచేవో నాకు తెలియదు, నేను ఫ్యాక్టరీలో ఉండేవాణ్ణి. అమ్మ చెప్పేది, నేను వినేవాణ్ణి కాదు. ఒకరోజు అయిదింటికి ఫోన్ చేసి, మీ నాన్న సొక్కా తొడుక్కుని పూరీ గేట్ కేసి ఎల్తన్నాడురా అంది. ఆపలేదా అన్నాను. ఆపితే ఆగే మనిషా అంది. అప్పుడు నేను అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ‘అదెలాగమ్మా, ఇంకా ఇరవై శాతం ఉండాలే’ అన్నాను. అమ్మ ఫోను పెట్టేసింది.

నేను సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేసరికి నాన్న వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దగ్గర వాసన చూశాను, సిగరెట్ వాసన లేదు. (కొడుకులు తండ్రుల నోరు వాసన చూసే ఇల్లు ఇంకెక్కడా ఉండదు.) దుకాణం దాకా వెళ్ళాడట. పాన్ దుకాణం నడిపే బెంగాలీ అన్న ఏమీ అడక్కుండానే అలవాటు కొద్దీ సిగరెట్ పెట్టె తీసి ముందు పెట్టాడట. నాన్న దాని వైపు చూస్తూ కాసేపు నిలబడి, పెప్పరమెంటు బిళ్ళలు కొనుక్కుని వచ్చేశాడు. ఒక బిళ్ళ నాకిచ్చాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

‘ఒరే, నువ్వు దేన్ని బతికించాలనుకుంటన్నావు? దాన్నా, నన్నా?’

నేను దానికి సమాధానం చెప్పాను. రోజూ నిండా నింపితే మూడు వందల ఛార్జింగులే వస్తాయి, ఎనభై దగ్గర ఆపితే దానికి రెట్టింపు కూడా రావచ్చు అన్నాను. రెట్టింపు అంటే ఏడాదిన్నర పైమాట. ఆపరేషన్‌కి నాలుగు వారాలే ఉందన్న సంగతి, మనకి కావలసింది నాలుగు వారాలే అన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. నాన్న సర్లే అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి అద్భుతం మొదలైంది. ఆ రోజు లైటు ఏడింటిదాకా కొట్టుకోలేదు. తర్వాతి రోజు పడుకునేదాకా కొట్టుకోలేదు. వారం తిరిగేసరికి లైటు కొట్టుకున్న వేళ రాయాల్సిన గడి ఖాళీగా ఉండడం మొదలైంది. గీతలు మాత్రం పద్ధతిగా ఉన్నాయి, అయిదేసి చొప్పున కట్టలు కట్టినట్టు, రోజుకి ముప్పై, ముప్పై రెండు, ఇరవై తొమ్మిది. ఛార్జింగ్ పెట్టిన ఐదు నిమిషాలకే పచ్చ దీపం వెలుగుతోందని అమ్మ ఫోనులో చెప్పింది. నేను పొంగిపోయాను. సరైన పద్ధతిలో వాడితే బ్యాటరీ ఆరోగ్యం పుంజుకుంటుందనీ, అందుకే తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేస్తోందనీ అమ్మకి వివరించాను. అవతల పప్పు డబ్బా మూత వేసిన చప్పుడు వినిపించింది. ‘ఔనా’ అంది చివరికి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌కి కూడా గ్రాఫ్ గీసి చూపించాను. ఆయన పాపం చాలా మంచివాడు, గ్రాఫ్ ఇలా పైకే పోతుంటే కొన్నాళ్ళకి బ్యాటరీ మనకే కరెంటు ఇస్తుందేమో చూడు అన్నాడు. అది మెచ్చుకోలు అనుకున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా చార్టు దగ్గరికే వెళ్ళేవాణ్ణి. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని ఉండేవాడు.

రెండు నెలలూ గడిచాయి. నేను సగం రోజు సెలవు పెట్టి నాన్నతో ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నాన్నని పడుకోబెట్టి చూసింది, కూర్చోబెట్టి చూసింది, సిగరెట్ మానేశారా అని హిందీలో అడిగింది. బిల్కుల్ మేడమ్ అన్నాడు నాన్న. ఆవిడ సంతోషించింది. వచ్చే సోమవారం చేరిపొమ్మంది. అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేస్తే ఈ కథ లేదు. నాకు ఆ గెలుపులో నా వాటా ఎవరికీ తెలియకుండా పోతోందనిపించింది. చుట్టి చంకలో పెట్టుకుని తెచ్చిన చార్టు తీసి ఆవిడ బల్ల మీద పరిచాను. ఎనభై శాతం గురించి, మూడు సెకన్ల గురించి, చల్లారాల్సిన తీగ గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, గీతల మీద వేలు పెట్టి నిన్నటి తేదీ దాకా వచ్చింది.

ఆవిడ కోప్పడలేదు, అదే భయమేసింది. చాలామంది రోగుల్ని చూసి అలిసిపోయిన గొంతుతో, బాబూ, ఇందులోనూ ఆ నికోటిన్ విషమే ఉంది, మీ నాన్నగారు మానెయ్యలేదు, గొట్టం మార్చారు అంతే, నిన్న కూడా ఇరవై తొమ్మిదిసార్లు పీల్చిన మనిషికి నేను మత్తు ఇప్పించలేను అంది. మళ్ళీ రెండు నెలలు ఆగాలి, ఈలోగా బరువు పని కుదరదని ఆఫీసుకి రాసి పంపాలి, తప్పదు అని కలం మూత తీసింది. నాకు ఒక్కసారిగా స్టూలు కనిపించింది. దాని మీద నాన్న కనిపించాడు. ఆ చార్టు మీద ఉన్న ప్రతి గడీ నేనే కొట్టాను, ఆవిడ చేతికి ఆ సాక్ష్యం నేనే ఇచ్చాను. చార్టు లాక్కుని పారిపోదామా అని నిజంగా అనిపించింది.

అప్పుడు నాన్న లేచి నిలబడ్డాడు. ఆఫీసర్ల ముందు నిలబడేటట్టు చేతులు రెండూ పక్కలకి ఆనించి నిలబడ్డాడు.

‘మేడమ్, ఓ లకీర్ సబ్ ఝూఠా హై’ అన్నాడు. ఆ గీతలన్నీ దొంగవి అని.

ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. ముప్పై ఏళ్ళలో ఒక్క రీడింగు తప్పు రాయని మనిషి ఇరవై ఏడు రోజుల రికార్డు దొంగరికార్డని నా ముందు, పై ఆఫీసరులాంటి ఆవిడ ముందు ఒప్పుకుంటున్నాడు. పూరీ గేట్ నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదట. ఆవిడ నమ్మనట్టు చూసింది. నాన్న చొక్కా జేబులోంచి ఆ ద్రవం సీసా తీశాడు. దాని మీద పెన్నుతో ఒక అడ్డగీత, పక్కన తేదీ. బోగీ బ్యాటరీలో ద్రావకం ఎంతదాకా ఉందో గుర్తు పెట్టడానికి ఆయన రోజూ గీసే గీతే అది. ఆ తేదీ నుంచి ద్రవం ఆ గీత దగ్గరే ఉంది, సూది మొనంత కూడా దిగలేదు. నెలంతా నేను బ్యాటరీని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాను గానీ, సీసా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బ్యాటరీ నిలిచింది నా ఎనభై శాతం వల్ల కాదు, దాన్ని ఎవరూ వాడకపోవడం వల్ల. ఐదు నిమిషాలకే పచ్చ దీపం వెలగడం దాని ఆరోగ్యం కాదు, నిండిన కుండలో నీళ్ళు పొయ్యడం. డాక్టరమ్మ సీసా వెలుతురులో పెట్టి చూసింది. నాన్న వీపు మీద స్టెతస్కోప్ పెట్టి గట్టిగా దగ్గమంది. నాన్న దగ్గబోయాడు. దగ్గు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు, ఉత్త గాలి వచ్చింది. ఆవిడ కలానికి మూత పెట్టి, ఠీక్ హై, సోమవారమే రండి అంది. చార్టు చుట్టి నా చేతికిచ్చేటప్పుడు మాత్రం నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నాకు నాన్న మొహం చూడాలంటే సిగ్గేసింది. ఎలా మానేశావు అని అడిగాను. ఆయన పెప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకుని, ఇసుగొచ్చి అన్నాడు. పప్పులోంచి తియ్యడం, మూడు లెక్కెట్టడం, నిమిషం ఆగడం, గీత గియ్యడం, దూదెట్టి తుడవడం, అయిదుసార్లు నొక్కడం, ఇంత డ్యూటీ నేను బండి కిందకూడా సెయ్యలేదురా, అలిసిపోయినాను అన్నాడు. అయితే నా పద్ధతి పనిచేసినట్టే కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. (అప్పటికి నాకు కొంచెం బుద్ధి వచ్చింది, మింగేశాను.) మరి ఆ గీతలెందుకు గీశావు, అమ్మకి తెలుసా అన్నాను. అమ్మకి మొదటి రోజే తెలుసు, డబ్బా తీసేది ఆవిడే కదా. గీతల సంగతి చెప్పేముందు నా చేతిలోని చార్టు చుట్టని గట్టిగా బిగించాడు.

‘ఫేక్టరీ నించి రాగానే నువ్వు ఆ సార్టు సూస్తావు. నా మొకం సూడవు. ఆ గీతలు సూసి నీ మొకం ఎలిగిపోద్ది. రోజంతా అంత అలిసిపోయి వస్తావు గదా, కాళీగా ఉంచడానికి నాకు మనసొప్పలేదురా.’

గేటు దాకా నడిచి నాన్నని రిక్షా ఎక్కించాను. సోమవారం ఆపరేషన్ అయింది, కుట్లు నిలిచాయి. మూడు నెలల తర్వాత నాన్న మళ్ళీ బోగీల కిందకి దూరి, మిగిలిన సర్వీసంతా అక్కడే చేసి, రిటైరైన రోజున కూడా చేతులకి వాజెలిన్ మరకలతోనే ఇంటికొచ్చాడు. ఆ రోజు ఆసుపత్రి నుంచి నేను మాత్రం తిన్నగా మిగతా సగం రోజు డ్యూటీకి వెళ్ళి ఫ్యాక్టరీలో ఏం చేశానో ఇప్పుడు గుర్తు లేదు. ఇరవై రెండేళ్ళ ఆ డిప్లమాని ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. అంత అలిసిపోయి కూడా అన్ని గళ్ళు ఎంత తిన్నగా కొట్టాడో పాపం, అనిపించి నవ్వొస్తుంది. ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి అలవాటు ప్రకారం చెప్పులు విప్పకుండా ముందు గదిలోకి నడిచాను. గోడ మీద చార్టు లేదు, పొద్దున్న నేనే పీకినచోట నాలుగు మూలలా టేపు ముక్కలున్నాయి. చూడ్డానికి ఇంకేమీ లేక పక్కకి తిరిగి నాన్న మొహం చూశాను. బాగా చిక్కిపోయాడు. మీసం ఎప్పుడు నెరిసిందో తెలియదు. ‘ఏటిరా, అలా సూస్తావు?’ అన్నాడు.